వెనక్కి తిరిగినప్పటి మాట

"ఇంకోసారి పెట్టమ్మా," అంది వదిన.

కిందింటావిడ ఫోను మీద మళ్లీ వేలు నొక్కింది. ఆవిడకి విసుగన్నదే లేదు. పొద్దున్నే మెట్లెక్కి వచ్చినందుకు ఇంత గిట్టుబాటు అవుతుందని ఆవిడ కూడా అనుకోలేదు.

ఫోనులో నలుపు తెలుపు బొమ్మ కదిలింది. ఫ్రాన్సు దేశపు పాత సినిమాకి ప్రకటన. పెద్ద గది, పెద్ద అద్దం, సిల్కు గౌను వేసుకున్న దొరసాని. ఆమె ముక్కుతో సన్నగా నవ్వింది. తర్వాత వీపు తిప్పి కిటికీ దగ్గరికి నడిచింది. మొహం కనపడలేదు. గొంతు మాత్రం మన మాటల్లో, చెవి పక్కన కూర్చుని చెప్పినంత దగ్గరగా వినపడింది.

"రాత్రి కాదు, పగలు రా. కిటికీ మూయకు. ఒక్కసారి నన్ను చూడు."

బొమ్మ ఆగిపోయింది.

వంటింటి గుమ్మంలో గువ్వ తడిచేతులతో నిలబడి ఉంది. ఆ చేతులు ఎక్కడ తుడుచుకోవాలో ఆమెకి తోచలేదు.

గువ్వ అని పేరు పెట్టింది భర్తకి అక్కైన ఈ వదినే. కోడలై వచ్చిన కొత్తలో పిలిస్తే 'ఊఁ' అనడం తప్ప ఇంకో మాట రాని పిల్ల అని అలా పెట్టింది. ఆ పేరే ఉండిపోయింది. ఆ గువ్వే ఇప్పుడు ఫోనులోంచి ఇలాంటి మాటలు మాట్లాడుతోందంటే వదినకి మతి పోయింది.

"ఈ నవ్వు ఎవరిది?" అంది వదిన.

గువ్వ చేతుల్లోంచి ఓ నీటిచుక్క గడప మీద పడింది.

"నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో జన్మంతా గొంతులు విన్నదాన్ని. జలుబు చేసిన గొంతూ పట్టేదాన్ని, ఏడ్చి వచ్చిన గొంతూ పట్టేదాన్ని. నా ఇంట్లో తిరిగే గొంతు పట్టలేననుకున్నావా? ఎవరిదీ నవ్వు?"

"నాదే వదినా."

"కుందేలు అన్నావు."

"అవును."

"బొమ్మల సినిమాలో కుందేలుకి గొంతిస్తున్నాను, పిల్లలు చూస్తారు అన్నావు. నేను వీధి వీధంతా చెప్పుకున్నాను, మా మరదలు కుందేలూ అని. ఇదా కుందేలు?"

కిందింటావిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వాపుకోవడానికో, సిగ్గుకో పైకి తెలియలేదు.

"కుందేలు కూడా చేశాను వదినా. అది అయిపోయింది. తర్వాత ఇది వచ్చింది."

"ఏముంది ఇందులో? కథేమిటి?"

గువ్వ భర్త వైపు చూసింది. ఆయన బల్ల దగ్గర కాఫీ గ్లాసు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. కాఫీ చల్లారి మీద పొర కట్టింది.

"ఒక జడ్జిగారి భార్య," అంది గువ్వ. "ఇంట్లో అన్నీ ఉంటాయి. ఆయన మంచివాడే. మధ్యాహ్నం పూట ఆమె ట్రాము ఎక్కి చివరి స్టాపుదాకా వెళ్లి వస్తుంటుంది. దారంతా ఏవేవో ఊహించుకుంటుంది. ఎదుటి సీట్లో కూర్చున్న మనిషి తన చెయ్యి పట్టుకున్నట్టు, తను వేరే ఆడదైపోయినట్టు. ఎవరికీ చెప్పదు. అంతే కథ."

"అంతేనా?"

"అంతే. పెద్ద సినిమా అంటారు వదినా. చదువుకున్నవాళ్లు దాని మీద పుస్తకాలు రాశారట."

"రాయనీ. ఊహించుకున్నది బయటికి చెప్పడమెందుకు? పైగా కిటికీ మూయొద్దట! ఎదురింటివాళ్లు ఏమైపోవాలి?"

ఈసారి కిందింటావిడకి నవ్వు ఆగలేదు. వదిన ఒక్క చూపు చూసింది. ఆవిడ ఫోను బొడ్లో దోపుకుని, "పాలు పొయ్యి మీద పెట్టొచ్చానండీ," అంటూ మెట్లు దిగింది. ఇంకో నాలుగిళ్లకి కబురు చేరడానికి ఆ పాలు పొంగేంత సేపు చాలు.

ఇంట్లో ముగ్గురు మిగిలారు.

"ఒరే తమ్ముడూ, నువ్వు నోరు తెరవ్వేమిటి?"

ఆయన కళ్లజోడు తీశాడు. చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. బజార్లో కళ్లజోళ్ల షాపు ఆయనది. వచ్చిన ప్రతివాడికీ, బట్టతో రుద్దితే అద్దం గీతలు పడుతుంది బాబూ అని చెప్పే మనిషి. ఇప్పుడు తనే బరబరా రుద్దుతున్నాడు.

"నిన్నే అడుగుతున్నాను."

"వింటున్నానక్కా."

"వినడం కాదు. చెప్పు దానికి. ఇవాళే వెళ్లి ఆ గొంతు అందులోంచి తీయించి రమ్మను. మళ్లీ ఆ గడప తొక్కొద్దను. నేను పెళ్లీ పెడాకులూ లేకుండా నిన్ను పెంచింది ఇందుకేనా?"

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. లేచాడు. షాపు తాళాల గుత్తి అందుకున్నాడు. టిఫిను బల్ల మీదే ఉంది.

గువ్వ వెనకే గుమ్మందాకా వెళ్లింది. "తిని వెళ్లండి."

ఆయన చెప్పుల్లో కాళ్లు పెట్టి, వెనక్కి చూడకుండా అడిగాడు.

"ఆ మాట ఎవరు రాశారు?"

ఆయన సినిమా గురించి అడగలేదు. అబద్ధం గురించి అడగలేదు. ఒక్క మాట గురించే అడిగాడు.

"మాస్టరుగారు," అంది.

ఆయన తల ఊపి మెట్లు దిగాడు. నమ్మాడో లేదో ఆ మెట్ల చప్పుడులో తెలియలేదు.

ఆ మాట ఎవరూ రాయలేదు.

డబ్బింగులో ఒక పద్ధతుంది. తెర మీద మనిషి మొహం కనపడుతుంటే పెదవి కదిలినట్టే మాట పడాలి. పెదవి మూసుకుంటే ఇక్కడ మాటా మూసుకోవాలి. అదే మనిషి వీపు తిప్పితే ఆ బాధ లేదు. అప్పుడు మాటలు చెప్పించే మాస్టరుగారు, "వీపు ముక్కమ్మా, ఏదో ఒకటి గొణుగు, ఖాళీగా వదలకు," అంటాడు. ఏం గొణిగినా పైన పియానో వస్తుంది. మాట తెలియదు, మనిషి ఉన్నట్టు మాత్రం తెలుస్తుంది. కొందరు ఆ చోట 'అలాగే, సరే, చూద్దాం' అంటారు. కొందరు ఒకట్లూ రెళ్లూ లెక్కపెడతారు.

గువ్వ మొదట్లో లెక్కలే పెట్టింది.

తర్వాత ఓ రోజు, దొరసాని కిటికీ వైపు తిరిగినప్పుడు, నోట్లోంచి తనంతట తనే ఆ మాట వచ్చింది. వచ్చాక ఒళ్లు ఝల్లుమంది. ఎవరూ ఏమీ అనలేదు. పియానో కింద పడిపోయేదే కదా అనుకుంది. ఆ రోజు ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. కాళ్లు నేల మీద ఆనితేనా!

ఇప్పుడు ప్రకటన కోసం ముక్కలు కోసినవాడెవడో పియానో తీసేశాడు. మాట బట్టలు లేకుండా బయటపడింది.

వంటింట్లో ఫోను మోగింది. మాస్టరుగారు.

"తల్లీ, బయల్దేరావా?"

వదిన గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. గువ్వ గొంతు తగ్గించి, "ఇవాళ కుదురుతుందో లేదో అండీ," అంది.

"కుదరకపోతే చచ్చామే! ఇవాళ ఒక్కటే గది మనది. రేపట్నుంచి సబ్బుల ప్రకటనల వాళ్లది. చివరి సీను ఒక్కటి మిగిలింది. నువ్వు రాకపోతే ఇంకో అమ్మాయిని తెచ్చి మొదట్నుంచీ చెప్పించాలి. సగం నీ గొంతు, సగం ఆమె గొంతు అంటే చూసేవాళ్లు దొరసానికి దయ్యం పట్టిందనుకుంటారు."

"మొత్తం తీసేస్తారా?"

"మొత్తం. మనసొప్పి కాదు, వేరే దారి లేక. రా తల్లీ. ఈ సినిమాకి నీ గొంతు కుదిరినట్టు ఇంకెవరిదీ కుదరదు. నా జుట్టు ఈ గదుల్లోనే రాలిపోయింది, నా మాట నమ్ము."

ఫోను పెట్టేసి గువ్వ స్టవ్ ఆపింది. గిన్నెల మీద మూతలు పెట్టింది. చెంపలు కాలిపోతున్నాయి. భయమే. కానీ భయం అడుగున ఇంకేదో గంతులేస్తోంది. ఇన్నాళ్లూ ఉడుతకీ కుందేలుకీ తప్ప పనికిరాదనుకున్న గొంతు. 'ఇంకెవరిదీ కుదరదు' అన్నాడు.

చీర మార్చుకుంది. గంజి పెట్టని మెత్తటి చీర. మైకు ముందు గంజి చీర కడితే కదిలినప్పుడల్లా కాగితం నలిపినట్టు వినపడుతుంది. వదినకి ఆ సంగతి తెలుసు. కుందేలప్పుడు మురిసిపోయి విన్నదే.

"మెత్తటి చీర కట్టావంటే వెళ్తున్నావన్నమాట."

"వెళ్తున్నాను వదినా."

"తీయించడానికేనా?"

గువ్వ చీర కుచ్చిళ్లు సర్దుకుంది. "ఆ మాట తీయిస్తాను. గొంతు తీయించను. చివరి సీను చెప్పి వస్తాను."

"మాట ఒక్కటి తీయిస్తే సరిపోతుందా? ఆ నవ్వు? ఆ ట్రాములో నిట్టూర్పులు?"

"నిట్టూర్పులు ప్రకటనలో లేవే!"

"లేకపోతే నాకు తెలియదా? అలాంటి ఆడది నిట్టూర్చకుండా ట్రాము ఎక్కుతుందా?"

గువ్వకి నవ్వొచ్చింది. అదే ముక్కునవ్వు. ఆపుకునేలోపే వచ్చేసింది. వదిన మొహం ఎర్రబడింది.

"నవ్వు. బాగా నవ్వు. వెళ్లినదానివి ఎలా వస్తావో చూస్తాను."

"తప్పుకోండి వదినా."

"తప్పుకోను."

"తప్పుకోండి!"

ఆ గొంతు ఎంత గట్టిగా వచ్చిందంటే షెల్ఫు మీది స్టీలు పళ్లెం సన్నగా మోగింది. వదిన అప్రయత్నంగా కుర్చీ జరిపింది. పిట్ట నోటినుంచి పులి గొంతు విన్నట్టు అలాగే చూస్తూ ఉండిపోయింది.

గువ్వ మెట్లు దిగేటప్పుడు కింది ఇంట్లో నాలుగు తలలు తలుపు సందులోకి వచ్చి, నాలుగూ ఒక్కసారే వెనక్కి వెళ్లాయి.

డబ్బింగు గది ఒక పాత మేడ అడుగున ఉంది. గోడలన్నిటికీ స్పాంజి, దాని మీద గళ్ల గుడ్డ. ఫ్యాను పెట్టరు, చప్పుడని. అద్దానికి ఇవతల మిషన్లు, అవతల మైకు, మైకు ముందు తెర.

గువ్వ గాజులు తీసి పళ్లెంలో పెట్టింది. చెప్పులు బయట విడిచింది. మాస్టరుగారు ఎదురొచ్చి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టినంత పని చేశాడు.

"తల్లీ, నీ వీపు ముక్క ఊరంతా తిరుగుతోంది! పొద్దుట్నుంచి హాలు ఓనరు ఫోను మీద ఫోను. కిటికీ సినిమా ఎప్పుడు వేస్తున్నారని అడుగుతున్నారట. ఇన్నాళ్లూ ఈ పాత ఫ్రెంచి సినిమాకి ఎవడొస్తాడని ఏడ్చిన మనిషి, ఇప్పుడు కుర్చీలకి కవర్లు ఉతికిస్తున్నాడు."

"మాస్టరుగారూ, ఆ మాట తీసేయాలండీ."

ఆయన చేతులు గాల్లోనే ఉండిపోయాయి. "ఏమ్మా?"

"ఇంట్లో గొడవైంది. సినిమాలో పియానో కిందే పెట్టేయండి. ప్రకటన కూడా మార్చండి."

మాస్టరుగారు గొంతులు పట్టే మిషనాయన వైపు చూశాడు. మిషనాయన చెవులకి తగిలించుకున్న డిప్పలు కిందికి జరిపి, "నేనేమంటానండీ, ఉంచమంటే ఉంచుతా, తీయమంటే తీస్తా," అన్నాడు. తర్వాత కొంచెం ఆగి, "ఉంచితే బాగుంటుంది," అన్నాడు.

"నిన్నెవడు అడిగాడయ్యా?" అన్నాడు మాస్టరుగారు. "సరేనమ్మా. ముందు సీను చెప్పు. తర్వాత చూద్దాం."

చివరి సీను కష్టం. దొరసాని మొగుడి ఎదురుగా కూర్చుని, తెర నిండా మొహం పెట్టి, అన్నీ చెప్పేస్తుంది. ట్రాము సంగతి, ఊహల సంగతి. ఆఖర్న, 'నీకు చెప్పనివి నాలో చాలా ఉన్నాయి. అవి నీకు ద్రోహం కావు. అవి నేనే,' అంటుంది. నిన్న ఎన్నిసార్లు చెప్పినా పెదవికి మాట అతకలేదు. ఊపిరి ముందే అయిపోయేది.

గువ్వ మైకు ముందుకెళ్లింది. తెర వెలిగింది. దొరసాని తలెత్తింది.

"ఆపండి, ఆపండి," అన్నాడు మిషనాయన. "ఏదో ఉరుముతోంది."

"పైన బండి వెళ్లిందేమో."

"బండి కాదండీ. అమ్మా, నీ కడుపు."

పొద్దుట్నుంచి ఏమీ తినలేదన్న సంగతి గువ్వకి అప్పుడు గుర్తొచ్చింది. మాస్టరుగారు డబ్బాలోంచి బిస్కెట్లు తీసిచ్చాడు. "తిను తల్లీ. జడ్జిగారి భార్య కడుపు ఇలా అరిచిందంటే కథే మారిపోతుంది."

ఆమె బిస్కెట్టు నోట్లో పెట్టుకోబోతుంటే గది తలుపు తెరుచుకుంది. గుమ్మంలో భర్త.

చెమటతో చొక్కా వీపుకి అంటుకుంది. ఈ గది మొహం ఆయన ఎన్నడూ చూడలేదు. అడుక్కుంటూ వచ్చినట్టున్నాడు. అద్దానికి అవతల ఉన్న గువ్వని చూశాడు కానీ ఆమెతో మాట్లాడలేదు.

"ఇక్కడ మాస్టరుగారంటే ఎవరండీ?"

"నేనేనండీ. మీరు?"

"ఆవిడ భర్తని. ఒక్క మాట అడిగి పోతాను. ఆ కిటికీ మాట మీరు రాశారా?"

మాస్టరుగారు గువ్వ వైపు చూశాడు. గువ్వ అప్పటికే మైకు వదిలి ఇవతలికి వచ్చేసింది. చేతిలో బిస్కెట్టు అలాగే ఉంది.

"అక్కడ దొరసాని నోరు కనపడదండీ. ఏమన్నా ఒకటే..." అన్నాడు మాస్టరుగారు, నీళ్లు నములుతూ.

"సినిమాలో ఆ మాట ఉందా, లేదా?"

"లేదు," అంది గువ్వ. "ఆయన రాయలేదు. పొద్దున మీతో అబద్ధం చెప్పాను. ఆ మాట నాది."

మిషనాయన ఒక గుడ్డ ముక్క తీసుకుని మెరుస్తున్న మిషనునే మళ్లీ తుడవసాగాడు. మాస్టరుగారికి పైకప్పులో ఏదో ముఖ్యమైనది కనపడింది.

భర్త గుమ్మం దాటి ఒక అడుగు లోపలికి వేశాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"తీసేయండి."

"అదే చెప్తోందండీ మీ ఆవిడ కూడా," అన్నాడు మాస్టరుగారు గండం గడిచినట్టు. "ఇందాకే..."

"మీరుండండి," అంది గువ్వ. భర్త వైపు తిరిగింది. "ఎందుకు తీసేయాలి?"

"ఎందుకా? షాపులో కళ్లు చూపించుకోవడానికి వచ్చినవాడు ఫోను తీసి నాకే వినిపించాడు. భలేగా ఉంది కదండీ అన్నాడు. నేను వాడి కంటికి అద్దం పెట్టి, ఇది బాగుందా, ఇంతకుముందుది బాగుందా అని అడుగుతున్నాను. వాడు, ఈ గొంతే బాగుందండీ అన్నాడు."

మిషనాయన భుజాలు కదిలాయి. నవ్వు మింగుతున్నాడు.

"సిగ్గేసిందా?" అంది గువ్వ.

"సిగ్గు కాదు." ఆయన మాట వెతుక్కున్నాడు. "మంట. అది నాతో అనాల్సిన మాట. నాకు రావాల్సిన మాట. ఊళ్లో ప్రతివాడి చెవిలోనూ వేస్తే ఎలా? నాతోనే అనొచ్చుగా?"

"అన్నాను."

"ఎప్పుడు?"

"మీరు కిటికీ మూసినప్పుడల్లా. ఉండనివ్వండి అన్నాను. లైటు తీసేసినప్పుడు కాసేపు ఆగండి అన్నాను. ఒక సెలవు రోజు మధ్యాహ్నం మీ పక్కకొచ్చి కూర్చున్నాను. మీరు, ఒంట్లో బాగాలేదా అన్నారు."

గదిలో చప్పుడు లేదు. చప్పుడు లేకుండా కట్టిన గది అది. కానీ అంత నిశ్శబ్దం ఆ గదిక్కూడా కొత్తే.

"నాకు తెలియలేదు," అన్నాడు ఆయన.

"ఇప్పుడు తెలిసిందిగా! ఎవరో దేశం కాని దేశపు ఆడదాని నోట్లోంచి వస్తే తెలిసింది. నేను మీ పక్కన పడుకుని అంటే తెలియలేదు. అందుకే ఆమె వెనక్కి తిరిగినప్పుడు ఆమె చేత అనిపించాను. అదొక్కటే నాకు దొరికిన చోటు. ఇప్పుడు ఆ చోటు కూడా ఖాళీ చెయ్యమంటారా?"

ఏడుపు కాదు. పరుగెత్తి వచ్చినవాళ్ల గొంతులా ఉంది.

"ఇంట్లో అక్క..."

"వదిన సంగతి నేను చూసుకుంటాను. మీ సంగతి చెప్పండి."

ఆయన ఎప్పటిలాగే కళ్లజోడు తీశాడు. తుడవడానికి చొక్కా అంచు అందుకుని, తడిగా ఉందని వదిలేశాడు.

మాస్టరుగారు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, గొంతు నీది. అయ్యా, మీరు ఏమీ అనుకోవద్దు. ఇక్కడ గొంతు ఎవరిదైతే మాట వాళ్లదే. ఉంచమంటే పియానో లేకుండా ఉంచుతాను. తీయమంటే ఈ క్షణం తీసేస్తాను. ఏం చెయ్యమంటావ్ తల్లీ?"

గువ్వ తీయించడానికే వచ్చింది. మెట్లు దిగేటప్పుడు కూడా అదే అనుకుంది. ఇప్పుడు ఆ మాట నాలుక మీదికి రాలేదు.

"ఉంచండి," అంది.

భర్త వెనక్కి తిరిగాడు. తలుపు లాగాడు. ధడాలున వేద్దామన్నా ఆ తలుపు చప్పుడు చెయ్యదు. మెత్తగా వచ్చి అతుక్కుంది. ఆయన వెళ్లిపోయాడు.

"ఇంకాసేపు ఆగుదామా అమ్మా?" అన్నాడు మాస్టరుగారు.

"వద్దండీ. ఇప్పుడే చెప్తాను."

తెర వెలిగింది. దొరసాని తలెత్తింది. గువ్వ కూడా తలెత్తింది. ఈసారి ఆమె పెదవుల్ని చూడలేదు, కళ్లని చూసింది. ట్రాము సంగతి చెప్పింది. ఎదుటి సీటు మనిషి సంగతి చెప్పింది. మధ్యలో దొరసాని ఊపిరి పీల్చిన చోట తనకీ ఊపిరి అందింది. 'అవి నీకు ద్రోహం కావు' అన్నప్పుడు తన వేళ్లు తన చీరనే పట్టుకుని నలిపేస్తున్నాయని ఆమెకి తెలియదు. మెత్తటి చీర, చప్పుడు చెయ్యలేదు. 'అవి నేనే' అంది. దొరసాని నోరూ గువ్వ నోరూ ఒక్కసారే ఆగాయి.

తెర నల్లబడింది.

"ఇంకోటి తీసుకుందామా?" అంది గువ్వ.

మిషనాయన డిప్పలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఎందుకమ్మా?" అన్నాడు.

మాస్టరుగారు పళ్లెంలో గాజులు తెచ్చి తనే అందించాడు. "ఈ సినిమాకి నా పేరు వెయ్యకపోయినా ఫరవాలేదు తల్లీ. నీది మాత్రం వేయిస్తాను, పెద్దక్షరాల్లో."

గువ్వకి గాల్లో తేలుతున్నట్టుంది. అయిపోయింది. ఇంక ఎవరొచ్చి తీయమన్నా తీయరు. ఆ సంతోషంలో గాజులు తప్పు చేతికి తొడుక్కుంది. మళ్లీ తీసి తొడుక్కుంటుంటే అప్పుడు గుర్తొచ్చింది, ఇంటికి వెళ్లాలని. ఆయన ఏం చేసి ఉంటాడో, వదిన ఏం చేసి ఉంటుందో.

తలుపు తీసి చెప్పుల కోసం వంగింది. మేడ మెట్ల మీద ఎవరో కూర్చుని ఉన్నారు.

ఆయనే.

"వెళ్లలేదా?" అంది.

"ఎక్కడికి వెళ్లను? అక్క మన ఇంటికి తాళం వేసి తన స్నేహితురాలింట్లో కూర్చుంది. ఇప్పుడే ఫోను చేసింది. తాళంచెవి అక్క దగ్గరే ఉంది. గొంతు తీయించాం అని చెప్తే ఇస్తుందట."

"మీరేమన్నారు?"

"మా ఆవిడ ఉంచమంది అన్నాను."

గువ్వ చెప్పు ఒక కాలికి వేసుకుని, రెండోది వేసుకోవడం మర్చిపోయింది.

"మరి షాపు?"

"మూసేశాను."

"ఈ వేళప్పుడా?"

"ఊఁ."

మెట్ల పైన వీధి తలుపులోంచి ఎండ పడుతోంది. బయట బండ్లు, మనుషులు, పట్టపగలు. ఆయన కళ్లజోడు చేతిలోనే ఉంది. పెట్టుకోకపోతే ఆయనకి దూరం ఆనదు. దగ్గర బాగానే కనపడుతుంది.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు. "లోపలికెళ్లి తీయించి తాళంచెవి తెచ్చుకుందామా? లేకపోతే..."

"లేకపోతే?"

"అది నాకు తెలియదు. నాకు తెలిస్తే మన సంగతి ఇంతదూరం వచ్చేదే కాదు. నువ్వే చెప్పు." ఆయన లేచి నిలబడ్డాడు. గొంతు తగ్గింది, కానీ మాట తడబడలేదు. "గోడకీ, కిటికీకీ కాదు. ఇటు తిరిగి చెప్పు."

ఆయన జేబులో ఫోను మోగింది. అక్కే అయి ఉంటుంది. మోగుతూనే ఉంది. ఆయన తియ్యలేదు.

గువ్వ రెండో చెప్పు అక్కడే వదిలేసి ఆయన వైపు ఒక మెట్టు ఎక్కింది. ఇంకో మెట్టు ఎక్కింది. ఎండ సూటిగా కళ్లలో పడింది. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా అలాగే ఆయన మొహంలోకి తలెత్తింది.